పక్క సీటు పని

ఈ వారం ఒక కారు తెర మీద ‘అమ్మ’ అని తెలుగులో చూసి చాలా సంతోషించాను. సూర్యాపేటలో ఉండే మా పెద్దమ్మ కొడుకు కొత్త కారు తీసుకున్నాడు. గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వస్తుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. ఫోన్ అన్నయ్య జేబులోనే ఉంది. పేరు మాత్రం కారు తెర మీద వెలిగింది. మకారం కింద ఒత్తు కూడా కుదురుగా కూర్చుంది.

ఫోన్‌లో పేర్లు తెలుగులోనే రాసుకోండని నేను ఎంతకాలంగా పోరు పెడుతున్నానో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. దానికి నాకు వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే. ‘మీ మాట విని తెలుగులో రాసుకున్నాం, కారెక్కితే పేర్ల బదులు ఖాళీ గడులు కనిపిస్తున్నాయి’ అని. అందులో ఫోన్ దోషం లేదు. ఉట్టి బ్లూటూత్‌తో కలిపినప్పుడు ఫోన్ తన పేర్ల జాబితాను కారుకు అప్పగిస్తుంది. తెర మీద రాయాల్సింది కారే. దాని సిస్టమ్‌లో తెలుగు ఫాంట్ పెట్టి ఉండకపోతే, ప్రతి అక్షరానికీ ఒక గడి గీసి ఊరుకుంటుంది.

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే అలా కాదు. కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో జనం చేతికి వచ్చాయి. వీటిలో పనంతా ఫోన్ లోపలే జరుగుతుంది. మ్యాపు గీసేదీ, పాట వెతికేదీ, పేరు రాసేదీ ఫోనే. గీసిన బొమ్మను వీడియోలా కారుకు పంపుతుంది. తెర మీద మన వేలు ఎక్కడ పడిందో కారు మళ్లీ ఫోన్‌కు చెబుతుంది. అంటే కారు తన తెరనూ, స్పీకర్లనూ, మైకునూ ఫోన్‌కు అప్పిస్తోంది. ఫోన్‌కు తెలుగు వస్తే చాలు, కారుకు రాకపోయినా ఫరవాలేదు. కారు కొన్నప్పుడు తెర ఎలా ఉందో పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉండిపోకుండా, ఫోన్‌తో పాటు కొత్తదవుతూ ఉంటుంది. కార్ల కంపెనీలు సొంతంగా చేసిన మ్యాపుల కంటే ఈ పద్ధతి వందరెట్లు మేలని నా నమ్మకం.

తీగ లేకుండా కలవడం కూడా ముచ్చటైన పనే. ముందు బ్లూటూత్ పలకరిస్తుంది. కానీ వీడియో మోసేంత శక్తి దానికి లేదు. అందుకని కారు వైఫై వివరాలను ఫోన్‌కు అందించి తప్పుకుంటుంది, బరువు పని వైఫై చేస్తుంది. కేబుల్‌తో కలిపేవారికి ఒక్కమాట. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, సమాచారానికి రెండు తీగలు ఉంటాయి. చవక కేబుళ్లలో కొన్నింటికి ఆ రెండో జత ఉండదు. ఛార్జింగ్ ఎక్కుతున్నా తెర మీద ఏమీ రావడం లేదంటే ముందు కేబుల్ మార్చి చూడండి. మీటరులోపు పొడవున్న మంచి కేబుల్ కొనండి. కారులో రెండు మూడు పోర్టులుంటే సమాచారం పోయేది ఒక్కదాంట్లోనే కావచ్చు, అదీ చూసుకోండి. ఎండాకాలం ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు. మ్యాపు, వైఫై, ఛార్జింగ్ కలిసి దాన్ని ముందే కాల్చేస్తుంటాయి.

పెద్దమ్మ గొంతు నాలుగు స్పీకర్లలో నిండుగా వినిపిస్తుంటే, అన్నయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టి మాట్లాడాడు. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, ఫోన్ చేత్తో పట్టుకుని బండి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ లెక్కలోకి వచ్చింది. మొదటిసారి దొరికితే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చని 2020లో నిబంధనల్లో చేర్చారు. కారుకు ఫోన్ కలిపి మాట్లాడితే చట్టం చూపే తప్పూ లేదు, మెడకూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించే అవస్థా లేదు. ఈ వారం ఈ కలపడం గురించే మెచ్చుకుంటూ రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే మా మేనమామ గుర్తొచ్చాడు.

మామయ్యకు అంబాసిడర్ ఉండేది. ముందు సీటు బెంచీలా అడ్డంగా ఉండేది, గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉండేది. హైదరాబాద్, విజయవాడ దారిని అప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడది 65. అటొకటి, ఇటొకటి, రెండే వరసలు. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా వచ్చే లారీకి ఎదురెళ్లాల్సిందే. మొదట్లో ఆ కారులో రేడియో మాత్రమే ఉండేది. ఇంజను నడుస్తుంటే స్పార్క్ ప్లగ్గుల చప్పుడు రేడియోలో దూరి టకటకలాడేది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ టకటక జోరందుకునేది. ఎలక్ట్రీషియన్ ఒకాయన ఒక చిన్న కండెన్సర్ బిగించి దాన్ని చాలావరకు అణిచాడు. తర్వాత మామయ్య కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి క్యాసెట్ ప్లేయర్ తెచ్చి పెట్టించాడు. స్పీకర్లు వెనక సీటు పైన, అద్దం కింద పలక మీద.

కారు బయల్దేరాక మామయ్య ఆ ప్లేయర్‌ను ముట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. అది పక్క సీటు పని. సెలవుల్లో ఆ పక్క సీటు నాది. బయల్దేరే ముందు దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడవాలి. బిస్కెట్ల డబ్బాలో క్యాసెట్లు పేర్చుకోవాలి. ఘంటసాల పైన, మిగతావాళ్లు కింద. ఒక వైపు అయిపోగానే తిప్పి పెట్టాలి. పాట సాగినట్టు వినిపిస్తే టేపు లోపల చుట్టుకుంటోందని పసిగట్టి, తెగకముందే బయటికి లాగాలి. నల్లగొండ బత్తాయి తొనలు ఒలిచి ఆయన ఎడమ చేతికి అందించాలి. మైలురాయి చదివి ఇంకెంత దూరమో చెప్పాలి. ఎడమవైపు సైకిల్ వస్తుంటే చెప్పాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. లారీ వెనక నుంచి కారు ముక్కు కుడికి తిరగ్గానే నేను వాల్యూం తగ్గించాలి, మాట ఆపేయాలి. ఏ మాట మధ్యలో ఉన్నా సరే. లారీ దాటి మళ్లీ ఎడమ వరసలోకి వచ్చాక పాట పెంచొచ్చు, ఆగిన మాట అందుకోవచ్చు. సంత జరుగుతున్న ఊరు వచ్చినా, ఇరుకు కల్వర్టు వచ్చినా అదే పద్ధతి. ఎప్పుడు తగ్గించాలో మామయ్య ఒక్కసారీ నోటితో చెప్పలేదు. ఆయన చూస్తున్న రోడ్డే నేనూ చూస్తుండేవాణ్ని కాబట్టి తెలిసిపోయేది. నాకు బండి నడపడం వచ్చింది డ్రైవర్ సీట్లో కాదు, అక్కడే.

క్యాసెట్ పోయి సీడీ వచ్చింది. క్యాసెట్ పెట్టే చోట తీగ ఉన్న ఉత్తుత్తి క్యాసెట్ దూర్చి, ఫోన్ పాటను ప్లేయర్ హెడ్డుకు అందించే ఉపాయం వచ్చింది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. వాటితో పక్క సీటుకు పని ఇంకా పెరిగింది. హైవే మీద ఖాళీగా దొరికిన ఫ్రీక్వెన్సీ ఊళ్లోకి రాగానే ఏదో స్టేషన్‌కు దొరికిపోయేది, ఇంకో ఖాళీ వెతకాలి. ఆక్స్ తీగ, పెన్‌డ్రైవ్ కాలంలోనూ ఏం పాట పెట్టాలో పక్కవాళ్లే చూసుకునేవారు.

తెర వచ్చాక అది తిరగబడింది. పాట ఎంచుకునేదీ, దారి వెతికేదీ, ఫోన్ ఎత్తేదీ, మెసేజ్ వినేదీ ఇప్పుడు బండి నడిపేవాడే. స్టీరింగ్ మీద బటన్లు కూడా అతని బొటనవేళ్ల కిందే పెట్టారు. పక్క సీటు మనిషి తన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నారు. కారుకు ఫోన్ కలపడమంటే పక్క సీటు పనంతా డ్రైవర్ నెత్తిన పెట్టడమేనని నాకు ఈ వారమే అర్థమైంది.

ఫోన్ అవతల మాట్లాడే మనిషి ఎక్కడున్నట్టు? గొంతు పక్క సీటు నుంచే వచ్చినట్టుంటుంది. కానీ ఆ మనిషికి రోడ్డు కనిపించదు. లారీని దాటుతున్నామని పెద్దమ్మకు ఎలా తెలుస్తుంది? ఆమె అడిగేది అడుగుతూనే ఉంటుంది. జవాబు చెప్పకపోతే ‘వినిపిస్తోందా?’ అని గట్టిగా అంటుంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం ఆచార్యుడు డేవిడ్ స్ట్రేయర్ బృందం ఈ విషయం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది. ఫోన్ చేత్తో పట్టుకున్నా పట్టుకోకపోయినా, సంభాషణలో పడిన డ్రైవర్ ధ్యాస ఒకేలా తగ్గుతోందని వాళ్లు 2001 నుంచీ చెబుతున్నారు. 2008లో మరో ప్రయోగం చేశారు. డ్రైవర్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఫలానా చోట హైవే దిగమన్నారు. పక్కన కూర్చున్న స్నేహితుడితో మాట్లాడుతూ నడిపినవారిలో దాదాపు అందరూ దిగారు. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినవారిలో చాలామంది దాటి వెళ్లిపోయారు. పక్కనున్నవాళ్లు రోడ్డు చూస్తూ అవసరమైనప్పుడు మాట తగ్గించారు, దిగాల్సిన చోటు గుర్తు చేశారు. ఈ ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు కళ్లముందు కదిలింది మామయ్య అంబాసిడరే.

తెర చూడటానికీ ఒక లెక్క ఉంది. డ్రైవర్ చూపు రోడ్డు మీంచి ఒకసారికి రెండు సెకన్లకు మించి పక్కకు పోకుండా పరికరాలు తయారుచేయాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కంపెనీలకు సూచించింది. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 44 మీటర్లు. హైవే మీద గేదె అడ్డం రావడానికి అంత దూరం కూడా అక్కర్లేదు.

అందుకని మెచ్చుకుంటూ మొదలుపెట్టిన నేను మరో మాట మీద నిలబడుతున్నాను. మ్యాపు కలపండి, పాట కలపండి. కాల్స్ కలపొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌కు వెళ్లి కారు పేరు మీద నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా, కాంటాక్ట్స్ అని విడివిడిగా మీటలుంటాయి. ఉట్టి బ్లూటూత్ వాడేవారు మీడియా ఒక్కటీ ఉంచుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఆటో వాడేవారు కారు నడిపేటప్పుడు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవచ్చు. మ్యాపులో తెలుగు గొంతు పెట్టుకుంటే మలుపు కోసం తెర చూడాల్సిన పనీ తగ్గుతుంది. కాంటాక్ట్స్ మీట గురించి ఇంకో మాట. షోరూముల్లో కారు అప్పగించేటప్పుడు కొబ్బరికాయకూ ఫొటోకూ ఇచ్చినంత తీరిక ఫోన్ కలపడానికి ఇవ్వరు. అడిగినవాటన్నిటికీ ‘అలౌ’ కొట్టేసి చేతిలో పెడతారు. అద్దె కారులోనూ అలా చేస్తే మన బంధువర్గం నంబర్లన్నీ ఆ కారులో మిగిలిపోవచ్చు. దిగేటప్పుడు కారులోంచి మన ఫోన్ పేరు తీసేయండి. కారు అమ్మేటప్పుడు సిస్టమ్ మొత్తం రీసెట్ చేయండి.

ఇదంతా చెప్పడానికి మళ్లీ సూర్యాపేట వెళ్లాను. అన్నయ్యకు నచ్చలేదు. “ఒరేయ్, లక్షలు పోసి కొన్న కారులో ఫోన్ మాట్లాడొద్దంటే ఎట్లారా?” అన్నాడు. నిజమే, కారు అమ్మేటప్పుడు ముందు చూపించేది ఆ తెరనే. వదిన బాధ వేరు. “ఆయన ఒక్కరే హైదరాబాద్ పోతే ఎక్కడిదాకా వచ్చారో అడగకుండా ఎట్లా ఉండేది?” అంది. ఆ ప్రశ్నలో ఉన్నది ప్రేమ. మన ఇళ్లల్లో ప్రయాణమంటేనే ‘బయల్దేరారా, ఎక్కడున్నారు, తిన్నారా’ అని అరగంటకోసారి అడగడం. దాన్ని మానేయమని చెప్పే హక్కు నాకు లేదు. అడిగే దారి మార్చమని మాత్రం చెప్పాను. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల దాకా పంపొచ్చు. బయల్దేరే ముందే అన్నయ్య అది వదినకు పంపితే, కారు ఎక్కడుందో ఆమెకు వంటింట్లోంచే కనిపిస్తుంది.

“మరి నిజంగా ఏదన్నా అవసరం పడితే?” అంది వదిన. డు నాట్ డిస్టర్బ్‌లో దానికీ ఏర్పాటుంది. ఒకే మనిషి పదిహేను నిమిషాల లోపల రెండోసారి చేస్తే ఫోన్ మోగేలా పెట్టుకోవచ్చు. అన్నయ్య ఫోన్‌లో అది పెట్టి, ఇద్దరి ముందూ పరీక్షించి చూపించాను. వదిన పక్కన ఉన్న రోజున అన్నయ్య ఫోన్ ఆమె చేతిలో ఉండాలని, వచ్చిన కాల్ ఆమే ఎత్తాలని అనుకున్నాం. పాటలూ ఆమెవే. ఒక్కడే వెళ్లే రోజున దారిలో నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ ఉన్నాయి. చిట్యాలలో ఆగి, టీ తాగుతూ ఫోన్ చేస్తానని అన్నయ్య ఒప్పుకున్నాడు.