షాతో శబ్దార్థవిచారము

ఫ్రెంచిదేశమున లువార్ నదీప్రాంతమందలి చారిత్రక భవనములను దర్శించి వచ్చిన విద్యార్థిబృందమొకటి తమ యాత్రను వ్యాసములుగా రచించినది. వానిని ఉపవాచకముగాఁ గూర్పఁదలఁచిన యుపాధ్యాయులు నాకుఁ బంపి, భాషాదోషములను సవరింపుఁడని కోరిరి. సంధిదోషములు కొన్ని, కారకదోషములు కొన్ని కలవు. అవి సులభముగా దిద్దఁదగినవి. కాని వ్యాసములన్నిటియందును వ్యాపించిన యర్థదోషమొకటి కలదు. దానికి మూలము నేనే యగుటచేత నీ విమర్శ వ్రాయవలసివచ్చినది.

ప్రయాణమునకు ముందు ఆ బృందమువారు కొన్ని ఫ్రెంచి పదములకుఁ దెలుఁగు పర్యాయములను నన్నడిగిరి. అందు 'షాతో' శబ్దమునకు 'కోట, దుర్గము' అని వ్రాసియిచ్చితిని. (ఫ్రెంచివారి తకారము దంత్యము. షాటో యని వ్రాయుట సరికాదు.) బాలురు ఆ యర్థమును మనమునఁ బెట్టుకొని పోయి, చూచినదానినెల్ల దానితోఁ గొలిచిరి. షాంబోర్ భవనమును గూర్చి యొకఁడు, ఇంత పెద్ద కోటకు ఇన్ని కిటికీలేల, దీనిఁ గట్టించిన రాజునకు యుద్ధనీతి తెలియదు అని వ్రాసెను. షెనోంసో భవనము ఏటిమీఁదనే నిలిచియుండుటఁ జూచి మఱియొక విద్యార్థిని యది కౌటిల్యుఁడు చెప్పిన ఔదకదుర్గమని నిర్ణయించెను. కన్నులు సరిగానే చూచినవి. పదము వానిని దారి తప్పించినది.

నా యిచ్చిన యర్థమునకు ఆధారము లేకపోలేదు. లాటిను భాషలో 'కాస్త్రుం' అనఁగా సేనానివేశము. దాని యల్పార్థకరూపము 'కాస్తెల్లుం'. అకారమునకు ముందున్న కకారము ఫ్రెంచియందుఁ దాలవ్యమై, తుదకు షకారముగాఁ బరిణమించినది. పిల్లికి లాటిను పేరు 'కాత్తుస్'. ఫ్రెంచివారికది 'షా' యైనది. తాలవ్యీకరణము మనకుఁ గొత్తగాదు. ఇకారైకారములకు ముందు మన భాషయందును జరిగినదే. కన్నడమున 'కివి' యైనది తెలుఁగునఁ 'జెవి'. ఇఁక నడుమనున్న సకారము లోపించినది. ఆ లోపమునకు గుర్తుగా ఫ్రెంచివారు అచ్చుమీఁద టోపివంటి చిహ్నముంతురు. 1740లో వెలువడిన ఫ్రెంచి అకాడమీవారి నిఘంటువు ఈ పద్ధతిని స్థిరపఱచినది. మన యవగ్రహచిహ్నము లోపించిన యకారమును జ్ఞప్తికిఁ దెచ్చునట్లే యిదియును. ఈ వ్యుత్పత్తిని బట్టి చూచినచోఁ గోట యనుట యుక్తమే. ఇది పూర్వపక్షము.

కాని వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు. దర్భలు తెచ్చువానికిఁ జెందిన కుశలశబ్దము నేర్పరియందు రూఢమైనదని శిష్యులకుఁ జెప్పుచునే యుందుము. ఆ న్యాయమును ఈ పదమునందు మఱచితిని. తమాషా యేమనఁగా, బాలురు తిరిగిన దారియందే యీ శబ్దచరిత్ర యంతయు నున్నది.

వారు మొదటఁ జూచినది లోష్. 11వ శతాబ్దారంభమునఁ గట్టఁబడిన దాని ప్రధానబురుజు దాదాపు 36 మీటర్ల యెత్తున నేఁటికిని నిలిచియున్నది. పిమ్మట ఆంజే; 13వ శతాబ్దమునాఁటి 17 బురుజులు. ఇవి నిస్సందేహముగాఁ గోటలు. అయినను ఫిరంగి వచ్చిన పిదప గోడయెత్తే గోడకు శత్రువైనది. 16వ శతాబ్దాంతమున ఆంజే బురుజుల తలలు తగ్గించి, వానిపై ఫిరంగులకుఁ జోటు కల్పించిరి. ఇంగ్లండుతోడి శతవర్షయుద్ధము 1453లో ముగిసినది. 1494లో ఇటలీపై దండెత్తిన రాజులు అచ్చటి సౌధములఁ జూచి వచ్చిరి. బ్లువాయందు నాలుగు కాలముల కట్టడములు ఒక్క ముంగిలి చుట్టును గలవు. 1588 డిసెంబరులో గీజ్ ప్రభువు మూఁడవ ఆంరీ రాజాజ్ఞచేఁ జంపఁబడినది ఆ నగరిలోనే. చంపినవారు కోట ముట్టడించిన శత్రువులు కారు, లోపలివారే.

ఒకటవ ఫ్రాన్స్వా 1519లో నారంభించిన షాంబోర్ వేఁటకై కట్టిన విడిది. అందు గదులను వెచ్చపఱచు పొయ్యిలే 282. పెనవేసికొనిన రెండు మెట్లవరుసలలో ఒకదాని నెక్కువారు రెండవదానిని దిగువారికి ఎదురుపడరు. ఇది విలాసమేగాని రక్షణోపాయము గాదు. మఱి మూలల బురుజులేల? ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునట్లు, యుద్ధప్రయోజనము పోయినను ప్రభుత్వచిహ్నమగు నాకారము నిలిచినది. బాలుఁడడిగిన ప్రశ్న మంచిది. నా యర్థమే దానికి సమాధానము దొరకనీయలేదు.

షెనోంసో విషయమున ఒక్క విద్యార్థిమాత్రము నా పట్టికను ప్రక్కకుఁ బెట్టి వ్రాసెను. దియాన్ ద పువాతియే షేర్ నదిపై వంతెన కట్టించుట, కాతరీన్ ద మేదిసీ దానిమీఁద 60 మీటర్ల పొడవుగల శాలను నిర్మించుట చెప్పి, ఆ శాల మొదటి ప్రపంచయుద్ధమున వైద్యశాల యగుటయు, 1940 మొదలు 1942 దాఁక జర్మనుల యాక్రమితభాగమునకును స్వేచ్ఛాభాగమునకును ఆ నదియే సరిహద్దు కాఁగా, దక్షిణద్వారమున జనులు తప్పించుకొని పోవుటయు వర్ణించెను. యుద్ధమునకై కట్టని యిల్లు యుద్ధమున రక్షించినదని యతని ముగింపు. ఈ సంపుటమున నిదియే యుత్తమవ్యాసము.

అట్లయినఁ దెలుఁగున నేమనవలెను? చంద్రగిరియందుఁ గోట వేఱు, లోపలి రాజమహలు వేఱు. మన భాష యీ భేదము నెఱిఁగినదే. ఫ్రెంచివారు వ్యర్థమనోరథమును 'స్పెయినులో షాతోలు కట్టుట' యందురు. మనము గాలిమేడ లందుము, గాలికోటలనము. లోష్, ఆంజేలకుఁ గోట తగును. షాంబోర్, షెనోంసోలకు నగరు తగును. పల్లెటూరి ప్రభువుల షాతోలకుఁ దెలంగాణపు 'గడీ' మిక్కిలి దగ్గఱి మాట. 1789 వేసవిలో ఫ్రెంచి రైతులు షాతోలపైఁ బడి ప్రభువుల హక్కుపత్రములను గాల్చిరి. 1946-51 నాఁటి తెలంగాణ రైతాంగపోరాటమున జనాగ్రహము గడీలపైఁ బడినది. సామాన్యవాచకముగా మాత్రము షాతో యనియే యుంచుట మేలు. ఊరి నీటితొట్టి గోపురమును సయితము 'నీటి షాతో' యను జాతి మాటను ఒక్క తెలుఁగుపదమునఁ గట్టివేయఁజాలము.

కావున ఉపాధ్యాయులకు నా మనవి. వ్యాసములనుండి కోట శబ్దమును ఎల్లయెడలఁ గొట్టివేయవలదు. ఏ భవనమునకు ఏ పదము తగునో వ్రాసిన బాలురనే యడిగి మార్పింపుఁడు. ఇఁకముందు యాత్రకుఁ బోవువారికి అర్థపట్టిక ముందుగా నీయక, తిరిగివచ్చిన పిదప వారిచేతనే వ్రాయింపుఁడు. నేనిచ్చిన పట్టికను మాత్రము ఉపసంహరించుకొనుచున్నాను.