ముందు ప, ల, క

ఒకటో తరగతి టీచరమ్మ ముందురోజే రాసుకునే పాఠ్య ప్రణాళిక అంటే నాకు ఎనలేని గౌరవం. వర్ణమాల వరుసనే పట్టుకుంటే ఙ దాకా వెళ్లినా పిల్లలకు చదవడానికి ఎక్కువ మాటలు దొరకవు. అందుకే ఆమె ముందుగా ప, ల, క ఎంచుకుంటుంది. ఆ పూటే ‘పలక’ చదివేస్తారు, ‘కల’ కూడా. వ, త కలిస్తే వల, తల, లత, కవల. డ వచ్చిందంటే పడవే!

ఒకే పోలికలో ఉండే ప, ష ఒకేరోజు చెప్పదు. అసలు నేర్పు గుణింతాల దగ్గర చూడాలి. కొమ్ము నేర్పే రోజున కు, తు, డు రాయిస్తుంది. పు, వు మాత్రం మర్నాటికి ఉంచుతుంది. వకారం పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది మ అయిపోతుంది, అందుకే అక్కడ కొమ్ము కిందినుంచి మొదలవుతుంది. ఆ ఒక్క మెలిక కోసం ఒక రోజు కేటాయించడం ఎంత దయ!

మరి ‘అమ్మ’? ఒత్తులు వచ్చేదాకా ఆగమంటే ఏ బిడ్డ ఆగుతుంది? ఆ మాటను విడదీయకుండా బొమ్మతో కలిపి మొదటివారమే గోడకు అంటిస్తుంది.

ప్రణాళిక చివర కాస్త ఖాళీ ఉంచుకుంటుంది. ‘పడవ’ దగ్గర తడబడినవాళ్ల పేర్లు అక్కడ చేరతాయి, మర్నాటి పాఠం వాళ్లతోనే మొదలవుతుంది.