ఎవరు తగ్గాలి?

వానలు పట్టగానే మా వీధిలో తలుపులన్నీ కూడబలుక్కున్నట్టు మొరాయిస్తాయి. నిన్నటిదాకా వేలితో తోస్తే పడిన గడియ ఇవాళ భుజం ఆనించి నెట్టినా కన్నంలోకి పోదు. చెక్క చెమ్మ పీల్చుకుని ఉబ్బింది, అది దాని గుణం. గడియకూ, ఆ కన్నమున్న ఇనుప బిళ్లకూ ఆ గుణం లేదు. ఉబ్బేదాన్నీ ఉబ్బనిదాన్నీ మరమేకులతో కలిపి బిగించి ఏడాది పొడవునా సఖ్యంగా ఉండమంటే ఎలా ఉంటాయి?

వడ్రంగిని పిలిస్తే ఆయన సంచిలో ఉండేవి ఉలీ చిత్రికా. కాబట్టి చెక్కనే తగ్గిస్తాడు. తలుపు అంచు గుమ్మానికి రాసుకుంటుంటే అది తప్పదు, ఒప్పుకుంటాను. కానీ గడియ ఒక్కటే పడనప్పుడు కూడా తలుపంతా చిత్రిక పట్టించుకునేవాళ్లున్నారు. సంక్రాంతి నాటికి చెక్క ఆరి తన మామూలు కొలతకు వచ్చేస్తుంది. ఇక ఆ సందులోంచి బల్లులు దర్జాగా వచ్చిపోతుంటాయి.

నేను పాటించే లెక్క ఒకటుంది. రెండు వస్తువులు పొసగనప్పుడు, బజార్లో మళ్లీ దొరికేది తగ్గాలి, దొరకనిది అలాగే ఉండాలి. తాతల నాటి టేకు గుమ్మం మళ్లీ దొరకదు. దానికి బిగించిన ఇనుప బిళ్ల ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా ఇస్తారు. అందుకే ఆకురాయి ఆడాల్సింది బిళ్ల మీద.

ఎంత మేర రాకాలో కళ్లతో చూసి తేల్చుకోలేం. గడియ కడ్డీ కొసకు కాస్త కాటుక రాసి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా తోయండి. బిళ్ల మీద కన్నం అంచున నల్లటి నెలవంక పడుతుంది. ఆ నెలవంక ఎంత మందం ఉంటే అంతే అడ్డం. చాలాసార్లు అది మేస్త్రీల లెక్కలో అర నూలుకు మించదు. బిళ్ల ఊడదీసి, వైస్‌లో బిగించి, సన్నటి గుండ్రటి ఆకురాయితో ఆ వైపు మాత్రమే రాకితే కన్నం కాస్త కోలగా సాగుతుంది. వానాకాలం కడ్డీ ఈ కొసన పడుతుంది, వేసవిలో ఆ కొసన. బిళ్ల కింద చెక్కలో ఉలి మొనతో ఒక పొర తీస్తే పని అయిపోయింది. రాకిన చోట పూత పోయి ఇనుము తెల్లగా బయటపడుతుంది. అక్కడ రెడాక్సైడ్ ఒక చుక్క అద్దకపోతే వచ్చే వానలకు తుప్పు ఖాయం.

ఆకురాయి గురించి ఒక మాట అనకుండా ఉండలేను. అది ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. పళ్లు తోముతున్నట్టు అటూ ఇటూ రుద్దేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని సాగదు సరికదా, ఆకురాయి పళ్లు మొద్దుబారతాయి. అల్యూమినియం రాకేటప్పుడైతే ముందుగా ఆకురాయికి సుద్దముక్క రుద్దాలి. లేకపోతే మెత్తటి రజను పళ్ల సందుల్లో అతుక్కుపోయి, అదే మళ్లీ పనిమీద గీతలు పెడుతుంది.

వాన సంగతి సరే, మండు వేసవిలో కొన్న నట్టు పాత బోల్టుకు ఎందుకు ఎక్కదు? ఇందులో చెక్క తప్పేం లేదు, కొలతల గొడవ. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మరలకు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అంగుళానికి ఇన్ని మరలుండాలి, మర కోణం 55 డిగ్రీలుండాలి అని. ఇక్కడ కూడా ఆ సరుకే నడిచింది. తర్వాత మనం 1956లో చట్టం చేసి మెట్రిక్‌లోకి మారాం. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. చట్టం మారినంత మాత్రాన గోడల్లోనూ గేట్లలోనూ దిగిపోయిన బోల్టులు మారవు కదా. మేస్త్రీల నోట ఇప్పటికీ నూలు లెక్కే నడుస్తోంది. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు, అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు.

రెండున్నర నూళ్ల పాత బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. కొత్త ఎనిమిది మిల్లీమీటర్ల నట్టు పక్కన పెడితే రెండూ ఒకటే అనిపిస్తాయి. నట్టు ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుస్తుంది. పాతదానిలో మరకూ మరకూ మధ్య 1.41 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 1.25. చుట్టు చుట్టుకూ ఆ తేడా పెరుగుతూ పోతుంది. తుప్పేమోలే అని పానా వేసి లాగితే రెండింటి మరలూ పోతాయి. ఇక్కడ ఎవరూ తగ్గకూడదు. వేళ్లతో తిరగని నట్టును పక్కన పెట్టి, పాత బోల్టు జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లడమే.

బోల్టు పొడవెక్కువైతే మాత్రం నిశ్చింతగా కోసుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్లో ఒక ముసలి లేత్ మేస్త్రి నేను హాక్సా పట్టుకున్న తీరు చూసి అన్నమాట ఇంకా గుర్తుంది. "ముందు నట్టెక్కించి కొయ్యి అబ్బాయ్. నట్టు దిగేటప్పుడు మరల్ని అదే సాపు చేసుకుద్ది." కోయాల్సిన గీతకు అవతల, తల వైపు నట్టు ఎక్కించి ఉంచాలి. కోశాక కొసను ఆకురాయితో చుట్టూ కాస్త ఏటవాలుగా రాకి, నట్టును వెనక్కి తిప్పి తీసేస్తే, నలిగిన మొదటి మర దానంతటదే తిన్నబడుతుంది. ఇక బ్లేడు పళ్లు పిడికి ఎదురుదిశలో చూస్తుండాలి. పల్చటి రేకు కోసేటప్పుడు కనీసం మూడు పళ్లు ఒకేసారి రేకు మీద ఉండాలి. లేకపోతే పళ్లు ఒక్కొక్కటే ఊడిపోతాయి. అందుకే రేకుకు అంగుళానికి 32 పళ్ల బ్లేడు, లావు కడ్డీకి 18 పళ్లది.

వంచే పనికి వచ్చేసరికి లోహమేదో తెలియాలి. మామూలు ఇనుప పట్టీ సుత్తి దెబ్బకు ఒంగుతుంది. పోత ఇనుము ఒంగదు, పగులుతుంది. ఇప్పుడు తళతళలాడుతూ వస్తున్న తలుపు పిడుల్లో చాలావాటికి లోపల ఉండేది జింకు మిశ్రమం. పైన మెరుగు చూసి స్టీలనుకుని వంచితే పటుక్కున విరుగుతాయి. అయస్కాంతం అంటుకోని పిడిని వంచే ఆలోచన మానుకోవడం మేలు. అసలు స్టెయిన్‌లెస్ స్టీలుది మరో పేచీ. డ్రిల్లును వేగంగా తిప్పుతూ పైపైన ఆనించారా, కన్నం పడాల్సిన చోటే గట్టిపడి బిట్టును మాడ్చేస్తుంది. నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా అదమాలి, నూనె చుక్కలు వేస్తుండాలి. జింకు పూత ఉన్న పట్టీని కాల్చి వంచే పని అసలే వద్దు. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, వెల్డర్లకు బాగా ఎరుక ఉన్న జ్వరమే అది.

ఇంత చెప్పాక, ఇంట్లో నా ఆకురాయి తాకని వస్తువులు కూడా ఉన్నాయి. గ్యాస్ రెగ్యులేటర్, కుక్కర్ మూత, సీలింగ్ ఫ్యాను వేలాడే బోల్టు. కొక్కెం దగ్గర కన్నం చిన్నదైందని బోల్టు నడుము అరగదీసేవాళ్లున్నారు. రోజంతా అదురుతూ తిరిగే బరువును మోసేది ఆ నడుమే. దానికి సరైన బోల్టు, స్ప్లిట్ పిన్నుతో సహా, ఫ్యాన్లు బాగుచేసే కొట్లో దొరుకుతుంది. ఆదివారం కొట్టు మూసి ఉంటే సోమవారం దాకా టేబుల్ ఫ్యాను ఎలాగూ ఉంది.