గిరీశము చుట్టయు, స్త్రీల యడ్డపొగయు

గురజాడ అప్పారావుగారి 1909 నాటి కన్యాశుల్కమున, గిరీశముకడ తనకు పట్టుపడిన విద్య చుట్ట కాల్చుట యొక్కటియేయని వెంకటేశము చెప్పుకొనును. పొగాకు నమృతముతో ముడిపెట్టు పద్యమును గిరీశము చదువును. కవి యపహాస్యము చేసినది గిరీశమునే. లోకము మాత్రము పద్యమును మెచ్చి, యపహాస్యమును మఱచినది. పురుషుని పొగ విలాసముగనే చెల్లుచున్నది.

ఆ ప్రాంతముననే, శ్రీకాకుళ విశాఖ తీరగ్రామములలో, నిప్పుకొనను నోటిలోనుంచుకొని చుట్ట కాల్చు స్త్రీలు కలరు. దీనిని అడ్డపొగ యందురు. దానివలన అంగిట క్యాన్సరు పుట్టుచున్నదని వైద్యులు తేల్చిరి. ఈ స్త్రీల కేపాటి ప్రసిద్ధి దక్కినది?

2016-17 నాటి దేశవ్యాప్త సర్వేలో పొగత్రాగువారు పురుషులలో నూటికి 19, స్త్రీలలో 2. దీనిని జూచి స్త్రీలు సురక్షితులని సంతసింపరాదు. పొగలేని పొగాకును వాడువారు పురుషులలో నూటికి 29.6, స్త్రీలలో 12.8. మొదటిదానియందు భేదము తొమ్మిదింతలకు మించినది. రెండవదానియందు రెండింతలకు కొంచెము హెచ్చు. లోకలజ్జ పొగను దాచగలిగినది కాని పొగాకును మాన్పలేకపోయినది. దాచిన యలవాటు వైద్యునికడకు నాలస్యముగ పోవును.

ఇంతేకాదు. నిజామాబాదు, కరీంనగరము ప్రాంతపు టిండ్లలో బీడీలు చుట్టువారు మిక్కిలిగ స్త్రీలే. పురుషుడు త్రాగు బీడీ ధూళి వారి యూపిరిలోనికి పోవుచున్నది.

కావున యాలాల్, తాండూరు గృహస్థులకు మేము విన్నవించున దొక్కటి: కూతురి కొకనీతి, కొడుకున కొకనీతి వలదు. తండ్రి బీడీ పాఱవేసిననాడే తల్లి నోటి పొగాకును గూర్చి మాటాడుట కతని కర్హత కలుగును.