ఔషధ క్షీణతను లెక్కగట్టే విద్య

రసాయన చర్య వేగాన్ని సూటిగా చూపే పరికరం ప్రయోగశాలలో ఉండదు. నిర్ణీత సమయాల్లో ఒక పదార్థం ఎంత మిగిలిందో, లేదా దాని నుంచి పుట్టినది ఎంత పోగుపడిందో కొలిచి, ఆ అంకెల తేడాల నుంచి వేగాన్ని రాబట్టవలసి ఉంటుంది. కనుక దేన్ని కొలవాలో ఎంచుకోవడంలోనూ, కొలిచేలోగా చర్య ముందుకు సాగిపోకుండా చూడడంలోనూ ఈ విద్యలోని నేర్పంతా ఉంది.

1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ విల్హెల్మీ ఈ రెండో చిక్కును కాంతితో దాటాడు. చెరకు చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, కుడివైపు తిప్పుతుంది; ఆమ్లం కలిపినప్పుడు చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయేకొద్దీ ఆ భ్రమణం తగ్గి చివరకు ఎడమకు మళ్లుతుంది. ద్రావణాన్ని ముట్టకుండానే ఈ కోణాన్ని పదేపదే చదివిన విల్హెల్మీ, ఏ క్షణాన చూసినా వేగం అప్పటికి మిగిలిన చక్కెరకు అనులోమానుపాతంలో ఉంటుందని తేల్చాడు. ఇలాంటిదాన్నే ప్రథమ క్రమాంక చర్య అంటారు.

మందుల విషయంలో యాస్పిరిన్‌ను మించిన పాఠం లేదు. తేమ తగిలితే అది శాలిసిలిక్ ఆమ్లంగానూ, ఎసిటిక్ ఆమ్లంగానూ విడిపోతుంది. పాత సీసా మూత తీయగానే వచ్చే పుల్లని వాసన ఈ రెండోదానిదే. ఫెర్రిక్ లవణం కలిపితే శాలిసిలిక్ ఆమ్లం ఊదారంగు ఇస్తుంది, చెడని యాస్పిరిన్ ఇవ్వదు; అందుచేత స్థిర ఉష్ణోగ్రత వద్ద ఉంచిన ద్రావణం నుంచి వేళకు కొంత తీసి, చర్య మందగించేలా వెంటనే చల్లబరచి, రంగు గాఢతను కలరీమీటర్‌తో చదివితే ఎంత చెడిందో తెలుస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి కూడా రంగు మీదే ఆధారపడింది. కండరాల సారంలో నీలిరంగు ఆలస్యంగా రావడాన్ని వారు పద్ధతి లోపంగా కొట్టివేయక, నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థమేదో అందులో ఉందని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. ఆలస్యం కూడా ఒక కొలతేనని ఇంత బాగా చూపే ఉదాహరణ అరుదు.

ప్రథమ క్రమాంక చర్యలో మిగిలిన పదార్థపు సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి వేగ స్థిరాంకం దొరుకుతుంది. 0.693ను ఆ స్థిరాంకంతో భాగిస్తే అర్ధాయువు, అంటే సగం మందు నశించే కాలం వస్తుంది. అయితే రోగికి అర్ధాయువుతో పనిలేదు, పదోవంతు నశించే కాలమే ముఖ్యం. అది అర్ధాయువులో సుమారు 15 శాతమే. అదే మందు ద్రవంలో కరగని రేణువులుగా తేలే సస్పెన్షన్‌లో కథ మారుతుంది: కరిగిన భాగం చెడినకొద్దీ రేణువులు కరిగి ఆ లోటు పూడుస్తాయి కనుక, రేణువులు ఉన్నంతకాలం రోజుకు ఒకే మొత్తం నశిస్తుంది.

మందు ఏళ్ల తరబడి నిలిచేదైతే అంతకాలం వేచి ఉండడం కష్టం. అందుకే 1889లో స్వాంటే అర్హీనియస్ ప్రతిపాదించిన సమీకరణాన్ని ఆశ్రయిస్తారు: హెచ్చు ఉష్ణోగ్రతల వద్ద వేగ స్థిరాంకాలను కొలిచి, వాటి సంవర్గమానాలను పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీసి, ఆ రేఖను గది ఉష్ణోగ్రత దాకా పొడిగిస్తారు. నేడు ఔషధ సంస్థల వేగవంత పరీక్షల్లో సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం సాపేక్ష తేమ వద్ద 6 నెలలు నమూనాలను ఉంచి, క్షీణత వల్ల పుట్టిన పదార్థాలను అసలు మందు నుంచి విడదీసి చూపే క్రొమటోగ్రఫీతో పరీక్షిస్తారు. ఈ పొడిగింపులో ఒక ప్రమాదం దాగి ఉంది. వేడి వల్ల గది వాతావరణంలో జరగని మరో చర్య మొదలైనా, జెలటిన్ గుళిక మెత్తబడినా, గీసిన రేఖకు అర్థం ఉండదు. కనుక వేగవంత పరీక్షతో గడువు తేదీని తాత్కాలికంగా అంచనా వేసినా, అదే మందు నమూనాలను సాధారణ నిల్వ పరిస్థితుల్లో ఉంచి, ఆ గడువు ముగిసేదాకా పరీక్షిస్తూనే ఉంటారు.