బహుళానికి చోటులేని వ్యాకరణం

చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవాళ్లకు ‘బహుళం’ అన్న మాట ఎంత ఊరటో తెలుసు. ఒకచోట కార్యం జరుగుతుంది, ఒకచోట జరగదు, మరొకచోట రెండూ చెల్లుతాయి. ఆ ఒక్క మాటతో సూత్రం వాడుకకు దారి ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వ్యాకరణానికి ఆ వెసులుబాటు లేదు. సూత్రాలున్న ఫైలు పైభాగంలోనే, పార్సర్ తయారుచేసే పరికరమైన బైసన్‌కు ఆజ్ఞ ఉంటుంది: కాన్‌ఫ్లిక్టులు సున్నా. ముందున్న ఒక్క టోకెన్ చూసి ఎటు వెళ్లాలో తేలకపోతే పార్సర్ తయారుకాదు.

నా శిష్యురాలు ఆ కాఠిన్యాన్ని ప్రేమించి రాసిన పుస్తకమిది. పుస్తకమంతా టేబుళ్లను శుభ్రం చేసే వాక్యూమ్ అనే ఒకే కమాండు చుట్టూ తిరుగుతుంది. ఇంత చిన్న విషయానికి ఇన్ని పుటలెందుకని మొదట అనుకున్నాను. మూడో అధ్యాయం చదివాక ఆ సందేహం మిగల్లేదు.

అక్కడ చర్చ వెర్బోస్ గురించి. ‘వాక్యూమ్ వెర్బోస్’ అని రాస్తే, చేసిన పని వివరంగా చెప్పమన్నట్టా, వెర్బోస్ అనే టేబుల్‌ను శుభ్రం చేయమన్నట్టా? ఈ చిక్కు రాకుండా ఆ మాటను టేబుల్ పేర్లకు నిషేధించారు. కావాలనుకునేవాళ్లు డబుల్ కోట్స్‌లో పెట్టుకోవాలి. వ్యాకరణంలోకి మాటను తెచ్చుకోవడమంటే మరొకరి పేరు లాక్కోవడమేనని ఈమెకు తెలుసు. అందుకే బ్రాకెట్ల పద్ధతిని అంత శ్రద్ధగా విప్పి చూపింది. పాత పద్ధతిలో ఫుల్, ఫ్రీజ్, వెర్బోస్, అనలైజ్ ఆ వరుసలోనే రావాలి. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ వాటిని బ్రాకెట్లలో ఎలాగైనా రాయనిచ్చింది. తర్వాత 12లో ఇండెక్స్‌_క్లీనప్ చేరినా కీవర్డుల పట్టికలో ఒక్క మాటా పెరగలేదు. ఆప్షన్ పేరు వ్యాకరణానికి మామూలు పేరే. అది సరైనదో కాదో తర్వాతి కోడు చూసుకుంటుంది. పేరు తప్పు రాసినవాడికి వట్టి సింటాక్స్ ఎర్రర్ కాక, ఏ ఆప్షన్ చెల్లదో పేరుపెట్టి చెబుతుంది. వాడేవాళ్ల మీద ఇంత దయ ఉన్న సూత్రరచన నాకు ఎంతో నచ్చింది.

తాను రాసి, బైసన్ తిరస్కరించిన సూత్రాలను కూడా ఈమె దాచకుండా అచ్చువేసింది. విద్యార్థులు ముందుగా చదవవలసినవి ఆ పుటలే.

ఒక లోటు ఉంది. నల్స్ అనే కీవర్డు తర్వాత ఫస్ట్ గానీ లాస్ట్ గానీ ఉందేమో తొంగిచూసి, టోకెన్‌ను మార్చి పార్సర్‌కు అందించే చిన్న ఫంక్షన్ గురించి ఒక్క పేజీతో సరిపెట్టింది. అది పూర్తి అధ్యాయానికి తగిన విషయం. రెండో ముద్రణకు రాయమన్నాను. అప్పుడే మొదలుపెట్టానని చెప్పింది.