పరిశోధన పత్రిక ఎంపిక: జాబితా ఒక్కటే సరిపోతుందా?

1. ప్రవేశిక

పరిశోధకుడు కనుగొన్న విషయం నలుగురి ముందుకు వచ్చి, ఆ రంగం తెలిసినవారి పరీక్షకు నిలిచినప్పుడే దానికి విలువ ఏర్పడుతుంది. ఈ పరీక్ష జరిగే చోటు పరిశోధన పత్రిక. సంపాదకుడు తనకు అందిన వ్యాసాన్ని ఆ విషయంలో నిపుణులైన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వారి అభిప్రాయాన్ని బట్టి దానిని అంగీకరిస్తాడు, సవరణలు కోరతాడు, లేదా తిరస్కరిస్తాడు. దీనిని పీర్ రివ్యూ అంటారు.

అయితే రాసిన వ్యాసాన్ని ఏ పత్రికకు పంపాలి? ‘దీనిని ఎవరు చదవాలి?’ అన్న ప్రశ్న కంటే ‘ఆ పత్రిక జాబితాలో ఉందా?’ అన్న ప్రశ్నే మన విశ్వవిద్యాలయాల్లో ముందు వినిపిస్తోంది. ఈ మార్పు ఎలా వచ్చిందో, దానివల్ల ఏం కోల్పోతున్నామో పరిశీలిద్దాం.

2. ప్రచురణకు అవరోధాలు

మొదటిది డబ్బు. పూర్వం పత్రికల ఖర్చును గ్రంథాలయాలు చందా రూపంలో భరించేవి. ఎవరైనా ఉచితంగా చదువుకునే పద్ధతి వచ్చాక చాలా పత్రికలు ఆ భారాన్ని రచయితపై మోపాయి. ‘నేచర్’ పత్రిక 2021లో ఈ పద్ధతికి నిర్ణయించిన రుసుము వ్యాసానికి 9,500 యూరోలు. అంటే అప్పటి లెక్కన ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. ఇద్దరి నుంచీ ఏమీ తీసుకోని పత్రికలూ లేకపోలేదు. వాటి ఖర్చును విద్యాసంస్థలు, విద్వత్సంఘాలు భరిస్తాయి.

రెండవది కాలం. సమీక్షకు నెలలు పడుతుంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా కనీసం ఒక వ్యాసం ప్రచురించి తీరాలి. డబ్బు తీసుకొని, సమీక్ష లేకుండా రోజుల్లో అచ్చువేసే నకిలీ పత్రికలకు గడువు తరుముతున్న విద్యార్థి సులువుగా చిక్కుతాడు. 2022 నిబంధనలు ఈ షరతును తొలగించాయి. ఉద్యోగాలకు, పదోన్నతులకు ప్రచురణలను లెక్కించడం మాత్రం ఆగలేదు.

మూడవది భాష. స్కోపస్ వంటి అంతర్జాతీయ సూచికల్లో అధిక భాగం ఆంగ్ల పత్రికలే.

3. ఇంపాక్ట్ ఫ్యాక్టర్

ఇది 1960లలో యూజీన్ గార్ఫీల్డ్ కృషితో రూపొందిన కొలమానం. ఒక పత్రిక గడచిన రెండేళ్లలో 40 వ్యాసాలు వేసిందనుకుందాం. ఈ ఏడాది ఇతరులు ఆ వ్యాసాలను 80 సార్లు ఉదహరిస్తే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 అవుతుంది. ఆ 80లో 60 ఒకే వ్యాసానివి కావచ్చు. అప్పుడు మిగిలిన 39 వ్యాసాలకు దక్కేవి 20 మాత్రమే. కాబట్టి పత్రిక సగటును చూసి అందులోని ఒక వ్యాసం విలువ కట్టలేం. పైగా, శాసనంపై రాసిన వ్యాసం పదేళ్ల తరువాత అక్కరకు వస్తే ఆ ఉదాహరణ ఈ లెక్కలోకే రాదు. వ్యక్తుల పరిశోధనను ఈ అంకెతో కొలవవద్దని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో రూపొందిన ప్రకటన కోరింది.

4. జాబితాల అనుభవం

నకిలీలను అరికట్టడానికి యూజీసీ 2017లో ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించింది. 2018 మే నెలలో అందులోంచి 4,305 పత్రికలను తొలగించింది. దాని స్థానంలో కేర్ జాబితా వచ్చింది. భారతీయ భాషల పత్రికలకు అందులో చోటు దొరికింది. కానీ జాబితాలోని పత్రికల పేర్లతోనే దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితాకు స్వస్తి చెప్పి, పత్రికల ఎంపికకు సూచనలు మాత్రమే ఇచ్చింది.

5. విమర్శ

జాబితా లేకపోతే ఎంపిక సంఘాల్లో సిఫారసులకు తలుపులు తెరిచినట్లేనని కొందరు వాదిస్తారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే జాబితా మహా అయితే పత్రిక నిజాయితీ గలదో కాదో చెప్పగలదు. వ్యాసంలో సరుకుందో లేదో, దానికి తగిన పాఠకులు ఎవరో చెప్పలేదు. ఆ పని వ్యాసం చదివి చేయవలసిందే. చదివే శ్రమను తప్పించుకోవడానికి జాబితాను అడ్డుపెట్టుకోవడమే అసలు లోపం.

కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన ‘భారతి’ని చూడండి. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు అందులో రాశారు. నేటి పద్ధతిలో ఆ వ్యాసాలకు ఒక్క మార్కూ రాకపోవచ్చు. కానీ వాటిని తెలుగు పాఠకులు చదివారు. తరువాతి పరిశోధకులు వాటిపై ఆధారపడ్డారు. ఒక మాండలికంపై చేసిన పరిశోధనను మార్కుల కోసం ఆంగ్లంలోనే రాస్తే, అందులోని తప్పును ముందుగా పట్టగలిగే ఆ మాండలికపు మనిషికే అది అందదు. ఇది ఒక్క పాఠకుడికి కాదు, పరిశోధనకే నష్టం.

6. సారాంశం

పత్రికను ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి: దాని పాత సంచికల్లో కనీసం రెండు వ్యాసాలు చదివారా? సంపాదక వర్గంలోని వారు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారా? మీ విషయం ఎవరికి అవసరమో వారికి ఆ పత్రిక అందుతుందా? ఆ తరువాతే జాబితాలు, అంకెలు.

మాదిరి ప్రశ్నలు

1. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పరిమితులను ఉదాహరణతో వివరించండి.
2. పత్రికల జాబితాల వల్ల కలిగే మేలు, కీడులను చర్చించండి.